క్యాన్సర్ రిపోర్ట్ తప్పని తేలితే? లాయర్ కంటే ముందు బ్లాక్ తెచ్చుకోండి

ఈరోజు ఎపిసోడ్ కొంచెం పెద్దది, కొంచెం బరువైనది కూడా. వీలైతే ఫోన్‌లో నోట్స్ యాప్ ఓపెన్ చేసి పెట్టుకోండి, మధ్యలో కొన్ని మాటలు రాసుకోవాల్సి వస్తుంది.

మొన్న మంచిర్యాల వైపు నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. వాళ్ల అమ్మగారికి విడవకుండా దగ్గు, బరువు తగ్గిపోవడం. దగ్గర్లో ఉన్న ప్రైవేట్ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి టీబీ అన్నారు. ఐదు నెలలు మందులు వాడారు. తగ్గలేదు. చివరికి హైదరాబాద్ తీసుకొస్తే సీటీ స్కాన్, బయాప్సీ చేసి ఊపిరితిత్తుల క్యాన్సర్ అన్నారు, అదీ నాలుగో స్టేజ్. తమ్ముడు అడిగింది రెండే ప్రశ్నలు. "అన్నా, వాళ్ల మీద కేసు వేయొచ్చా? వేస్తే పోలీస్ స్టేషన్‌కి వెళ్లాలా, కోర్టుకి వెళ్లాలా?"

నేను లాయర్ని కాదు, డాక్టర్ని అసలే కాదు. బీటెక్ చదివి, కొన్నేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు మీ ముందు కూర్చుని మాట్లాడుతున్నవాడిని. కానీ సుప్రీంకోర్టు తీర్పులు ఎవరైనా చదవొచ్చు, చట్టం కూడా ఎవరైనా చదవొచ్చు. చదివి, నాకు అర్థమైనంత వరకు విప్పి చెప్తాను. కేసు వేసే ముందు మాత్రం మీ కాగితాలు ఒక లాయర్‌కి చూపించాల్సిందే.

ముందు ఒక విషయం క్లియర్ చేసుకుందాం. క్యాన్సర్ విషయంలో తప్పు రెండు వైపులా జరుగుతుంది. ఒకటి, ఉన్న క్యాన్సర్‌ని లేదనడం, లేదా ఇంకో జబ్బు అనుకోవడం. మన దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ని టీబీ అనుకోవడం డాక్టర్లందరికీ తెలిసిన సమస్య. లక్షణాలు అంత దగ్గరగా ఉంటాయి, పైగా మన దగ్గర టీబీ అంత ఎక్కువ. రెండోది దీనికి రివర్స్. లేని క్యాన్సర్‌ని ఉందనడం. 2019లో కేరళలో కొట్టాయం మెడికల్ కాలేజీలో జరిగింది ఇదే. ఒక మహిళకి బయట ప్రైవేట్ ల్యాబ్ ఇచ్చిన బయాప్సీ రిపోర్ట్ క్యాన్సర్ అని చెప్పింది. కాలేజీ సొంత ల్యాబ్ రిపోర్ట్ ఇంకా రాకముందే, ఆ ప్రైవేట్ రిపోర్ట్ చూసి కీమోథెరపీ మొదలుపెట్టేశారు. తర్వాత కాలేజీ ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది, క్యాన్సర్ లేదని. తిరువనంతపురంలోని రీజినల్ క్యాన్సర్ సెంటర్‌లో మళ్లీ చూపించినా లేదనే వచ్చింది. అప్పటికే కీమో ఒంట్లోకి వెళ్లిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. తప్పు ఎవరిది? రాంగ్ రిపోర్ట్ ఇచ్చిన ల్యాబ్‌దా? ఇంకో రిపోర్ట్ రావాల్సి ఉందని తెలిసి కూడా ఆగకుండా కీమో మొదలుపెట్టినవాళ్లదా? మీకు ఇలాంటిది జరిగితే మీ కేసు మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. అందుకే కంప్లైంట్‌లో మామూలుగా ల్యాబ్‌ని, ఆసుపత్రిని, డాక్టర్‌ని ముగ్గురినీ ఎదుటి పార్టీలుగా పెడతారు. ఎవరి వాటా ఎంతో కమిషన్ తేలుస్తుంది. ఒక్కరినే పెడితే వాళ్లు హాయిగా లేనివాళ్ల మీదకి నెట్టేస్తారు.

ఇప్పుడు చాలామందికి నచ్చని మాట చెప్తాను. రిపోర్ట్ తప్పని తేలినంత మాత్రాన కేసు గెలిచినట్టు కాదు. చట్టం దృష్టిలో పొరపాటు వేరు, నిర్లక్ష్యం వేరు. 1957లో ఇంగ్లండ్‌లో బోలమ్ అనే కేసులో ఒక కొలత పెట్టారు. అదే చదువు, అదే అనుభవం ఉన్న ఇంకో మామూలు డాక్టర్ ఆ పరిస్థితిలో ఏం చేసేవాడో, ఈ డాక్టర్ కూడా అదే చేశాడా? చేస్తే, ఫలితం చెడ్డదైనా నిర్లక్ష్యం కాదు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో మన సుప్రీంకోర్టు కూడా ఇదే కొలత తీసుకుంది. అంటే మీరు చూపించాల్సింది "డాక్టర్ చెప్పింది తప్పు" అని కాదు. "ఏ డాక్టర్ అయినా వేసే ఫలానా అడుగు ఈయన వేయలేదు, దాని వల్ల మాకు ఈ నష్టం జరిగింది" అని. అడుగు, నష్టం, ఆ రెండింటి మధ్య లింక్. ఈ మూడూ ఉండాలి.

మంచిర్యాల తమ్ముడి కేసుకే వద్దాం. కమిషన్‌లో అడిగే ప్రశ్నలు ఇలా ఉంటాయి. టీబీ అని చెప్పేముందు కళ్లె పరీక్ష చేశారా, లేక ఎక్స్‌రే ఒక్కటే చూసి మందులు మొదలుపెట్టారా? కళ్లె పరీక్షలో టీబీ క్రిమి కనిపించకపోతే, అయినా టీబీ అని ఎందుకు అనుకున్నారో చీటీలో రాశారా? రెండు నెలలు మందులు వాడాక కూడా బరువు తగ్గుతూనే ఉంటే మళ్లీ ఎక్స్‌రే తీశారా, సీటీకి పంపారా, పెద్దాసుపత్రికి వెళ్లమన్నారా? ఒకవేళ కళ్లె పరీక్షలో నిజంగానే టీబీ పాజిటివ్ వచ్చి, రెండో నెలలోనే "సీటీ తీయించండి" అని చీటీ మీద రాసి ఉంటే, అమ్మగారికి జరిగింది ఎంత ఘోరమైనా, ఆ డాక్టర్ మీద కేసు నిలబడటం కష్టం. అదే, ఐదు నెలల్లో ఐదుసార్లు వెళితే ఐదుసార్లూ "అవే మందులు కంటిన్యూ" అని మాత్రమే రాసి ఉంటే? అప్పుడు కథ వేరు.

తప్పు డయాగ్నసిస్ మీద మన హైదరాబాద్ నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఒకటుంది. అది క్యాన్సర్ కేసు కాదు కానీ, ఈ టాపిక్‌లో దానంత పనికొచ్చే తీర్పు నాకు ఇంకోటి కనపడలేదు. వి. కిషన్‌రావు వర్సెస్ నిఖిల్ సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్, 2010. సంగతేంటంటే, 2002లో ఒకాయన భార్యకి చలిజ్వరం వస్తే ఆసుపత్రిలో చేర్పించారు. అక్కడ టైఫాయిడ్‌కి వైద్యం చేశారు. నిజానికి ఆమెకి ఉన్నది మలేరియా. పరిస్థితి చెయ్యి దాటాక ఇంకో ఆసుపత్రికి మార్చారు, ఆమె బతకలేదు. ఇంకో విషయం చెప్తే మీకు మనసు చివుక్కుమంటుంది. ఆ భర్త మలేరియా డిపార్ట్‌మెంట్‌లోనే ఆఫీసర్.

జిల్లా ఫోరం ఆయనకి 2 లక్షల పరిహారం ఇవ్వమంది. ఆసుపత్రి వాళ్లు అప్పీల్‌కి వెళితే, స్టేట్ కమిషన్ "ఎక్స్‌పర్ట్ డాక్టర్ సాక్ష్యం లేదు" అని ఆ ఆర్డర్‌ని కొట్టేసింది. నేషనల్ కమిషన్ కూడా ఆయనకి అనుకూలంగా చెప్పలేదు. సుప్రీంకోర్టు మాత్రం జిల్లా ఫోరం ఆర్డర్‌నే నిలబెట్టింది. ప్రతి కేసులోనూ ఎక్స్‌పర్ట్ సాక్ష్యం తప్పనిసరి కాదు, నిర్లక్ష్యం కాగితాల్లోనే కళ్లకు కనపడుతుంటే అది చాలు అంది. గొంతు దాకా కోపం ఉండి, చేతిలో డాక్టర్ సాక్ష్యం లేని పేషెంట్లకి ఈ తీర్పు పెద్ద అండ. ఎందుకంటే మన దగ్గర ఒక డాక్టర్ ఇంకో డాక్టర్ మీద రాతపూర్వకంగా ఇవ్వాలంటే వెనకాడతారు. నోటితో "అయ్యో, వాళ్లు ముందే చూడాల్సింది" అంటారు. అదే మాట లెటర్‌హెడ్ మీద రాసివ్వండి సార్ అంటే టాపిక్ మార్చేస్తారు.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వస్తున్నా. క్యాన్సర్ కేసుల్లో పేషెంట్‌కి మిగతా కేసుల్లో లేని ఒక అడ్వాంటేజ్ ఉంది. మన ఒంట్లోంచి తీసిన ముక్క ఇంకా ఉంటుంది! బయాప్సీ చేసినప్పుడు ఆ కండ ముక్కని మైనంలో పెట్టి చిన్న బిళ్లలా చేస్తారు. దాన్ని బ్లాక్ అంటారు. ఆ బ్లాక్ నుంచి పల్చటి పొరలు కోసి, గాజు పలక మీద పెట్టి, రంగులు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఆ పలకలే స్లైడ్లు. మీకు ఇచ్చే రిపోర్ట్ ఒక మనిషి ఆ స్లైడ్‌ని చూసి రాసిన అభిప్రాయం. కాగితం అభిప్రాయం, బ్లాక్ సాక్ష్యం.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఇది వెంటనే వెలుగుతుంది. సర్వర్ పడిపోతే ముందు ఎవరిని తిట్టాలా అని చూడం, లాగ్స్ చెరిగిపోకముందే కాపీ తీసి పెట్టుకుంటాం. ఇక్కడ బ్లాక్ అలాంటిది. దాన్ని తీసుకెళ్లి ఇంకో పెద్ద సెంటర్‌లో రివ్యూ చేయిస్తే, అక్కడి పాథాలజిస్ట్ ఎవరినీ తప్పుపట్టక్కర్లేదు. తను చూసింది రాస్తాడు, అంతే. "ఈ నంబర్ బ్లాక్‌లో క్యాన్సర్ కణాలు కనపడలేదు" అని సంతకం పెట్టి ఇస్తాడు. ఒక డాక్టర్ ఇంకో డాక్టర్ మీద లెటర్ ఇవ్వడానికి భయపడతాడు కానీ, రివ్యూ రిపోర్ట్ ఇవ్వడం రోజూ చేసే పని. మీకు కావాల్సిన ఎక్స్‌పర్ట్ సాక్ష్యం అక్కడే దొరికింది చూశారా!

రివ్యూ ఎక్కడ చేయిస్తారంటే, క్యాన్సర్‌కే ప్రత్యేకంగా ఉన్న పెద్ద సెంటర్లలో చేయించడం మేలు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే, విశాఖపట్నం అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, ముంబైలో టాటా మెమోరియల్. వెళ్లే ముందు అక్కడి పాథాలజీ విభాగంలో ఏమేం తీసుకురావాలో అడిగి వెళ్లండి. బ్లాక్ లేకుండా రిపోర్ట్ జిరాక్స్ మాత్రమే పట్టుకెళితే వాళ్లు చేయగలిగింది ఏమీ ఉండదు.

బ్లాక్ అడగడం ఎలా? ఆసుపత్రికి లేదా ల్యాబ్‌కి ఒక లెటర్ రాయండి. పేషెంట్ పేరు, ఐడీ, బయాప్సీ తేదీ, రిపోర్ట్ మీద ఉన్న నంబర్ వేసి, "సెకండ్ ఒపీనియన్ కోసం పారఫిన్ బ్లాకులు, స్టెయిన్ చేసిన స్లైడ్లు ఇవ్వండి" అని. అక్కడ కోర్టు, కేసు అనే మాటలు ఎత్తొద్దు. సెకండ్ ఒపీనియన్ తీసుకోవడం మీ హక్కు, జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో కూడా అది ఉంది. లెటర్ రెండో కాపీ మీద రిసీవ్డ్ స్టాంప్, తేదీ వేయించుకోండి. స్టాంప్ వేయమంటే ఈమెయిల్ పంపండి, లేదా స్పీడ్ పోస్ట్ చేయండి. బ్లాక్ చేతికి వచ్చాక దాని మీద చెక్కిన నంబర్, రిపోర్ట్ మీది నంబర్ ఒకటేనా చూసి, అక్కడే ఫోటో తీసుకోండి. ఎండలో బైక్ డిక్కీలో మాత్రం పెట్టకండి, అది మైనం.

నంబర్లు కలవకపోతే? లేదా "ఇది మా అమ్మ శాంపిలే కాదు, ఇంకెవరిదో మారిపోయింది" అని మీకు డౌట్ వస్తే? ల్యాబ్‌లో శాంపిల్స్ తారుమారు కావడం ప్రపంచంలో ఎక్కడైనా జరిగేదే. బ్లాక్‌లో ఉన్న కండ ముక్క మీ పేషెంట్‌దో కాదో డీఎన్‌ఏ పరీక్షతో తేల్చొచ్చు. ఆ పరీక్షకి పంపమని కమిషన్‌ని అడగొచ్చు. కానీ బ్లాక్ భద్రంగా ఉంటేనే కదా ఇవన్నీ.

బ్లాక్‌తో పాటు కేస్‌షీట్ మొత్తం అడగాలి. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే ఇచ్చి పంపించేస్తారు, అది చాలదు. నర్సుల నోట్స్, కన్సెంట్ ఫారాలు, మందుల చార్ట్, ల్యాబ్‌కి పంపిన రిక్వెస్ట్ ఫారం, అన్నీ కావాలి. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం, పేషెంట్ గానీ, పేషెంట్ తరఫున అధికారం ఉన్నవాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులు 3 సంవత్సరాలు దాచాలి. ఇక్కడ 72 గంటలు అనే మాట గుర్తుపెట్టుకోండి. లెటర్‌లో ఆ రూల్ ప్రస్తావిస్తే రెస్పాన్స్ మారుతుంది. స్కాన్లకి ఫిల్మ్ ఒక్కటే కాదు, సీడీ లేదా పెన్‌డ్రైవ్‌లో ఒరిజినల్ ఇమేజెస్ అడగండి. ఆర్నెల్ల కిందటి స్కాన్‌లో గడ్డ అప్పుడే కనపడుతోందా లేదా అని ఇంకో రేడియాలజిస్ట్ చెప్పాలంటే ఆ ఇమేజెస్ ఉండాల్సిందే.

కాగితాలు చేతికొచ్చాయి. ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలి?

డబ్బులు కట్టి వైద్యం చేయించుకున్నవాళ్లకి వినియోగదారుల కమిషన్ మొదటి దారి. 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు, డబ్బు తీసుకుని చేసే వైద్యం ఒక సేవేనని, పేషెంట్ వినియోగదారుడేనని చెప్పింది. 2019లో కొత్త చట్టం వచ్చినప్పుడు, సేవ అనే పదానికిచ్చిన నిర్వచనంలో వైద్యం అన్న మాట విడిగా లేదు కాబట్టి డాక్టర్లు బయటపడ్డారని కొందరు వాదించారు. ఆ వాదన బాంబే హైకోర్టులోనూ, 2022లో సుప్రీంకోర్టులోనూ నిలబడలేదు. 2024లో లాయర్లు ఈ చట్టం కిందకి రారని సుప్రీంకోర్టు అంది కానీ, డాక్టర్ల విషయంలో శాంత తీర్పే నడుస్తోంది. అవును, అడ్వకేట్ మీద వేయలేరు, ఆసుపత్రి మీద వేయగలరు. దాని గురించి నా అభిప్రాయం ఇంకో ఎపిసోడ్‌లో చెప్తా.

బిల్లు మీరు కాకుండా ఇన్సూరెన్స్ కంపెనీయో, మీ ఆఫీసో కట్టినా మీరు వినియోగదారులే. ఇది కూడా శాంత తీర్పులోనే ఉంది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే సర్కారీ ఆసుపత్రి మాత్రం ఈ చట్టం కిందకి రాదు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని, కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రి అయితే, ఉచితంగా చూపించుకున్నవాళ్లు కూడా కేసు వేయొచ్చు. ఆరోగ్యశ్రీ కింద ప్రైవేట్ ఆసుపత్రిలో చేయించుకున్నవాళ్లు, "మేం కట్టకపోయినా ఆసుపత్రికి డబ్బు అందింది కదా" అనే వాదన లాయర్ చేత పెట్టించండి.

ఏ కమిషన్ అన్నది మీరు కట్టిన బిల్లుని బట్టి ఉంటుంది, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. బిల్లు 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్, అంటే దాదాపు మన అందరి కేసులూ అక్కడే. 5 లక్షల లోపు బిల్లుకి ఫీజు అసలు లేదు. 5 నుంచి 10 లక్షల మధ్య అయితే 200 రూపాయలు. మీరు విన్నది కరెక్టే, రెండు వందలే. ఇంకో మంచి సంగతి, మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. ఆసుపత్రి హైదరాబాద్‌లో ఉన్నా, ముంబైలో ఉన్నా, మంచిర్యాల వాళ్లు మంచిర్యాల జిల్లా మీద అధికారం ఉన్న కమిషన్‌లోనే దాఖలు చేయొచ్చు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ఉంది. డౌట్లుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చని చట్టం అంటుంది. బిల్డర్ మీదో, ఫోన్ కంపెనీ మీదో అయితే నేనూ అదే అంటాను. క్యాన్సర్ కేసుకి మాత్రం లాయర్‌ని పెట్టుకోండి. అవతల ఆసుపత్రి తరఫున ఇలాంటి కేసులు చూసి చూసి ఆరితేరినవాళ్లు వస్తారు. డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. నంబర్ 15100.

టైమ్ గురించి చాలా జాగ్రత్తగా వినండి. 2 సంవత్సరాలు. ఎప్పటి నుంచి 2 సంవత్సరాలు? ఇక్కడే చాలామంది మునిగిపోతారు. 2010లో సుప్రీంకోర్టు ముందుకి వచ్చిన ఒక కేసులో, ఆపరేషన్ అప్పుడు కడుపులో గాజు గుడ్డ వదిలేశారని తొమ్మిదేళ్ల తర్వాత బయటపడింది. కోర్టు రూల్ ఏం చెప్పిందంటే, నష్టం వెంటనే కనపడేదైతే ఆ రోజు నుంచే లెక్క, దాగి ఉన్నదైతే పేషెంట్ దాన్ని కనిపెట్టిన రోజు నుంచి, లేదా కాస్త శ్రద్ధ పెడితే కనిపెట్టగలిగి ఉండే రోజు నుంచి లెక్క. ఈ రూల్ మనకి అనుకూలమే. కానీ అదే కేసులో ఆ మహిళ ఓడిపోయింది. అన్నేళ్లు నొప్పి పడుతూ మళ్లీ డాక్టర్‌కి చూపించుకోలేదు కాబట్టి గడువు దాటిపోయిందన్నారు. పైగా ఆమె నర్సు కూడా. అందుకని మీ కేసులో రివ్యూ రిపోర్ట్ మీద ఉన్న తేదీని నమ్ముకుని కూర్చోవద్దు. మీకు మొదటిసారి అనుమానం ఎప్పుడొచ్చిందో, ఆ నెల నుంచే రెండేళ్లు లెక్కేసుకోండి. ఆలస్యమైతే కారణం చెప్పి క్షమించమని అడిగే అవకాశం చట్టంలో ఉంది, ఇవ్వాలా వద్దా అన్నది కమిషన్ ఇష్టం. కీమో నడుస్తోంది, మనిషి మంచం మీద ఉన్నారు, ఇప్పుడు కేసు ఏంటి అనిపిస్తుంది. నిజమే. అందుకే ఇంట్లో ఫోన్ బాగా వాడటం వచ్చినవాళ్లు, అంటే మీరు, ఈ పని భుజాన వేసుకోవాలి.

పోలీస్ స్టేషన్ సంగతి. తమ్ముడి రెండో ప్రశ్న ఇదే కదా. ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106 కింద కేసు పెట్టొచ్చు, డాక్టర్‌కి 2 సంవత్సరాల దాకా జైలు, జరిమానా. కానీ జేకబ్ మాథ్యూ తీర్పు ఇక్కడ గడప చాలా ఎత్తుగా కట్టింది. మామూలు నిర్లక్ష్యం సరిపోదు, ఘోరమైన నిర్లక్ష్యం అయ్యుండాలి. పోలీసులు ముందుగా ఆ విభాగం తెలిసిన ఇంకో డాక్టర్, వీలైతే సర్కారీ డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలి. మామూలు అరెస్టులు ఉండవు. ఒక స్లైడ్‌ని తప్పు చదివిన కేసు ఆ గడప దాటడం అరుదు. రిపోర్ట్ దిద్దడం, లేని పరీక్ష చేసినట్టు రాయడం, డిగ్రీ లేనివాడు సంతకం పెట్టడం లాంటివి బయటపడితే అప్పుడు పోలీస్ దారి ఆలోచించాలి. క్రిమినల్ కేసులో మీకు పరిహారం చేతికొచ్చే అవకాశం కూడా తక్కువ.

మెడికల్ కౌన్సిల్ ఇంకో దారి. తెలంగాణలో తెలంగాణ మెడికల్ కౌన్సిల్, ఏపీలో ఏపీ మెడికల్ కౌన్సిల్. ఒక్క రూపాయి ఇప్పించలేవు. హెచ్చరించడం, కొంతకాలం ప్రాక్టీస్ ఆపేయడం, రిజిస్టర్ నుంచి పేరు తీసేయడం, ఇవే వాటి చేతిలో ఉన్నవి. వినియోగదారుల కేసుతో పాటు ఇది కూడా నడపొచ్చు. విచారించేది డాక్టర్లే కాబట్టి మరీ ఆశలు పెట్టుకోకండి. కానీ అక్కడ ఆ డాక్టర్ రాసిచ్చే వివరణ తర్వాత మీ కేసులో పనికొస్తుంది.

ఎవరూ చెప్పని దారి ఒకటుంది, శాశ్వత లోక్ అదాలత్. ఆసుపత్రి సేవలు దాని పరిధిలో ఉన్నాయి, కోటి రూపాయల వరకు చూస్తుంది, కోర్టు ఫీజు లేదు. ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే అదే తీర్పు ఇస్తుంది. ఆసుపత్రికి పేరు పోతుందన్న భయం ఉండి, మీకు డబ్బు త్వరగా అవసరమై ఉంటే ఇది నిజంగా ఆలోచించాల్సినదే. పూర్తిగా ఉచిత సర్కారీ ఆసుపత్రిలో తప్పు జరిగినవాళ్లకి సివిల్ కోర్టు, హైకోర్టులో రిట్ అనే దారులున్నాయి. వాటికి లాయర్ లేకుండా అడుగు వేయలేం.

ఎంత వస్తుంది, ఎన్నేళ్లు పడుతుంది? చట్టంలో మూడు నుంచి ఐదు నెలల్లో తేల్చాలని రాసుంది. రాసుంది, అంతే. హైదరాబాద్ నిమ్స్ కేసు చూడండి. 1990లో ఒక ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ స్టూడెంట్ జ్వరంతో వెళితే ఛాతీలో గడ్డ కనపడింది. పరీక్ష కోసం కొంత ముక్క తీయడానికి ఒప్పుకున్నారు, డాక్టర్లు గడ్డ మొత్తం తీసేశారు, వెన్నుకి దగ్గరగా ఉన్నా న్యూరోసర్జన్ లేరు. అబ్బాయి నడుము కింద నుంచి కదల్లేని స్థితికి వెళ్లిపోయాడు. తర్వాత ఐటీ ఇంజనీర్ అయ్యాడు, వీల్‌చెయిర్‌లో కూర్చుని సుప్రీంకోర్టులో తన కేసు తనే వాదించాడు. 2009లో కోటి రూపాయలు, వడ్డీతో ఇవ్వమని తీర్పు. పందొమ్మిదేళ్లు. నేషనల్ కమిషన్ అంతకుముందు ఇచ్చింది 15.5 లక్షలు. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఫిజియోథెరపీకి ఎంత, మనిషి సాయానికి ఎంత, పోయిన సంపాదన ఎంత అని ఒక్కో పద్దు లెక్కగట్టి ఇవ్వడం వల్ల. కాబట్టి ఇప్పటి నుంచే మెడికల్ షాప్ బిల్లు, క్యాబ్ రసీదు, సెలవు పెట్టిన రోజుల జీతం స్లిప్పు, అన్నీ ఒక ఫోల్డర్‌లో వేయండి. థర్మల్ ప్రింట్ బిల్లులు కొన్నాళ్లకి తెల్లబోతాయి, వెంటనే స్కాన్ చేయండి.

ఆ కేసులో కన్సెంట్ పాయింట్ కూడా గమనించండి. లేని క్యాన్సర్‌కి ఆపరేషన్ జరిగితే, మీరు సంతకం పెట్టిన ఫారంలో ఏముందో చూడాలి. పరీక్షకి ఇచ్చిన ఒప్పుకోలు, అవయవం తీసేయడానికి ఇచ్చినట్టు కాదని 2008లో ఇంకో కేసులో కూడా సుప్రీంకోర్టు చెప్పింది. బయాప్సీ తప్పా ఒప్పా అన్న గొడవ తేలకపోయినా, ఈ ఒక్క పాయింట్ మీద నిలబడ్డ కేసులున్నాయి.

ఇక ఫోన్ విషయాలు, ఇది మన ఏరియా. ల్యాబ్ వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్‌ని స్క్రీన్‌షాట్ తీసి ఒరిజినల్ డిలీట్ చేయకండి. ఆ చాట్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉంటే ఇప్పుడే ఆఫ్ చేయండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యం ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63 కింద ఒక సర్టిఫికెట్ జతచేయాలి, లాయర్‌కి గుర్తుచేయండి. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే పాతది అమ్మకండి.

డాక్టర్ పేరు, ఫోటో పెట్టి రీల్ చేయకండి. మీ బాధ నిజమే, కానీ పరువు నష్టం నోటీసు వస్తే మీ కేసు పక్కకి పోయి ఆ కేసు మొదలవుతుంది. బంధువుల్ని వేసుకుని ఆసుపత్రి అద్దాలు పగలగొట్టడం గురించి చెప్పక్కర్లేదనుకుంటా, దానికి మన రెండు రాష్ట్రాల్లోనూ విడిగా చట్టమే ఉంది, జైలు శిక్షతో. ఆ రోజు సీసీటీవీ ఫుటేజ్ వాళ్ల వైపు మొదటి సాక్ష్యం అవుతుంది.

ఆసుపత్రి వాళ్లు "బిల్లులో కొంత వెనక్కిస్తాం, ఈ కాగితం మీద సంతకం పెట్టండి" అంటే, అందులో "ఇకపై ఎలాంటి క్లెయిమ్ ఉండదు" అన్న లైన్ ఉందేమో చదవండి. ఇంగ్లీష్‌లో ఉంటుంది, అమ్మానాన్నలకి అర్థం కాదు. ఫోటో తీసుకుని, రేపు చెప్తామని బయటికి రండి.

తమ్ముడూ, నువ్వు చూస్తుంటే, టీబీ మందులు రాసిన ఐదు చీటీలూ, మొదటి ఎక్స్‌రే, కళ్లె పరీక్ష కాగితం ఉంటే అది, తేదీల వారీగా పెట్టి ఒకే పీడీఎఫ్ చెయ్యి. కళ్లె పరీక్ష కాగితం అసలు లేకపోతే, లేదని రాసుకో. హైదరాబాద్ ఆసుపత్రిలో బ్లాక్ కోసం లెటర్ ఈ వారమే ఇవ్వు. అమ్మ ట్రీట్‌మెంట్‌కి కూడా ఆ బ్లాక్ అవసరం పడుతుంది, మందులు ఎంచుకునే టెస్టులు దాని మీదే చేస్తారు. కాబట్టి ముందు అక్కడి డాక్టర్‌ని అడిగి, వాళ్ల టెస్టులకి సరిపడా ఉంచాకే బయటికి తీసుకో.

మిగతావాళ్లు కామెంట్లలో రిపోర్టులు పోస్ట్ చేయకండి, పేషెంట్ పేరు, ఫోన్ నంబర్ అందరికీ కనపడతాయి. ప్రశ్న మాత్రం రాయండి.